మెట్లక్క ఎందుకు కరగలేదు?

మూడో అంతస్తు, మా ఇల్లు
ఫిబ్రవరి 3

అచ్చులో అబద్ధమాడిన తమ్ముడికి,

నువ్వు అబద్ధం చెప్పావు. నోరు జారి కాదు. తీరిగ్గా కూర్చుని, రంగుల అట్ట వేయించి, ముప్పై రెండు పేజీల్లో చెప్పావు. చదివినవాళ్ళంతా తలూపి ఊరుకుంటారనుకున్నావు. నేను ఊరుకోను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "అది కాదక్కా, అది కాదక్కా" అంటూ ప్రతి మాటకీ అడ్డం పడతావు. కాగితం మీద పడలేవు. ఈ తగువు తేలేదాకా మన మధ్య ఉత్తరాలే.

నీ పుస్తకం నా ముందుంది. "జిమ్ము అక్కర్లేదు, ఇల్లు చాలు." మీ ఆసుపత్రి వ్యాయామ విభాగంవాళ్ళు అచ్చేశారు, రాసింది నువ్వు. గోడకి చేతులానించి నెట్టడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఉన్నచోటే పరుగు పెట్టడం, ఇవన్నీ సరే. పదిహేనో పేజీకి వచ్చాను. "ఇంటి పనే మీ వ్యాయామశాల." ఊడిస్తే అరగంటకి ఇన్ని కేలరీలు, తడిగుడ్డ పెడితే ఇన్ని, గిన్నెలు తోమితే ఇన్ని, బట్టలు పిండితే ఇన్ని. కింద లావు అక్షరాల్లో, "పనిని బరువనుకోకండి, వరమనుకోండి." పక్కన బొమ్మ. సన్నటి అమ్మాయి, చేతిలో చీపురు, పళ్ళన్నీ బయటే. ఒరేయ్, చీపురు పట్టుకుని అలా నవ్వే మనిషిని నువ్వెక్కడ చూశావు? నీకు నలభై ఆరేళ్ళు. నీ చేతిలో చీపురు నేనైతే చూడలేదు.

ఈ పుస్తకం నా దాకా ఎలా వచ్చిందో విను. మా అయిదంతస్తుల బిల్డింగులో మెట్లు కడిగే మనిషి ఉంది. పిల్లా పెద్దా అందరూ మెట్లక్క అనే పిలుస్తారు. యాభై రెండేళ్ళు. పొద్దున మెట్లు, ఆ తర్వాత నాలుగిళ్ళలో గచ్చులూ గిన్నెలూ. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మీ దగ్గర మోకాళ్ళ ఆపరేషన్ ఉచితంగా చేస్తారని నేనే పంపాను. రోజంతా బస్సులో కూర్చుని వచ్చింది. కౌంటర్లో తూకం వేసి, "ఎనిమిది కిలోలు తగ్గి రా, జూన్ ఆఖరుకి తగ్గకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తాం" అన్నారట. ఎలా తగ్గాలి నాయనా అని అడిగితే నీ పుస్తకం చేతిలో పెట్టారు.

ఆమెకి చదువు అంతంతమాత్రం. నన్ను చదివి వినిపించమంది. పదిహేనో పేజీ చదువుతుంటే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గోడ పట్టుకుంది.

"ఇయ్యన్నీ నేను పొద్దున పదింటికల్లా చేసి పడేస్తా గదా అమ్మగారూ. మరి నేనెందుకు కరగలేదు?"

(నన్ను అమ్మగారూ అనొద్దని పన్నెండేళ్ళుగా పోట్లాడుతున్నాను. "సరే అమ్మగారూ" అంటుంది.)

ఆ ప్రశ్నకి జవాబు చెప్పు. నీ పట్టిక పెట్టుకుని కూడిక నేనే వేశాను. ఆమె ఒంట్లోంచి రోజూ పోవలసిన కేలరీలు పరుగుపందేలకి తయారయ్యే కుర్రాడికి పోయేవాటి కంటే ఎక్కువ. నీ లెక్కే నిజమైతే ఆమె ఈపాటికి ఆవిరైపోయి మెట్ల మీద చీపురొక్కటే మిగలాలి. ఆమె బరువు ఎనభై నాలుగు. పట్టిక అబద్ధమా, మెట్లక్క అబద్ధమా?

నీ అక్క


ఆసుపత్రి, వ్యాయామ విభాగం
ఫిబ్రవరి 9

కాగితం మీద కూడా కేకలేయగల అక్కకి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి తలుపేసుకుని చదివాను, నా మొహం చూసి మా విభాగంలో ఆడపిల్లలు నవ్వుతుంటే.

ముందు ఒక మాట. చీపురు బొమ్మ నేను వేయలేదు. అచ్చాఫీసువాళ్ళు వేశారు. "వరమనుకోండి" కూడా నాది కాదు. నేను "బరువనుకోకండి" దాకానే రాశాను. నవ్వకు.

పట్టిక అబద్ధం కాదక్కా. (చూశావా, ఇక్కడా అడ్డం పడ్డాను.) అది సగటు. మనుషుల్ని పెట్టి, వాళ్ళ ఊపిరి కొలిచి కట్టిన లెక్క. లెక్క తప్పదు. ఎటొచ్చీ మనుషులు చెప్పేదానికీ చేసేదానికీ తేడా ఉంటుంది. అరగంట ఊడ్చాననే మనిషి పది నిమిషాలు ఊడ్చి ఇరవై నిమిషాలు గడపలో నిలబడి కబుర్లు చెబుతుంది. మెట్లక్క అబద్ధమాడుతోందని నేననను. ఆమె ఎంత కదులుతోందో ఆమెకే తెలియకపోవచ్చు, అంతే. నీకూ తెలియదు, నాకూ తెలియదు.

కాబట్టి తెలుసుకుందాం. నిజంగానే తెలుసుకోవాలనుంది నాకు. ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు.

ఇందులో మూడు డబ్బీలు పెట్టాను. అగ్గిపెట్టెంత ఉంటాయి, నడుముకి తగిలించుకోవాలి. మనిషి వేసిన అడుగులన్నీ లెక్కపెడతాయి. మీ బిల్డింగులో ముగ్గురికి వారం రోజులు పెట్టు. అందులో మెట్లక్క ఒకతె, నువ్వొకతెవి. మూడో మనిషి నీ ఇష్టం. పొద్దున లేచి తగిలించుకోవాలి, పడుకునే ముందు తీయాలి. అంకెలు నాకు రాయి. ఏ అంకె ఎవరిదో మాత్రం చెప్పకు. ఒకటో మనిషి, రెండో మనిషి, మూడో మనిషి అని రాయి చాలు. మనుషులు తెలిస్తే నేను అంకెల్ని వాళ్ళకి తగ్గట్టు చదువుతాను. నువ్వైతే తగువుకి తగ్గట్టు చదువుతావు. అంకెలు చూసి ఎవరెవరో నేను చెబుతాను. నా మాట తప్పైతే పదిహేనో పేజీ గురించి మాట్లాడదాం.

బావకి నమస్కారాలు. అత్తయ్యగారి దగ్గు తగ్గిందా?

తమ్ముడు


మూడో అంతస్తు
ఫిబ్రవరి 24

పందెం కట్టిన తమ్ముడికి,

నీ డబ్బీలు మా ఇంట్లో సర్కస్ పెట్టాయి. తనకి రాలేదని మీ బావ రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. "నాకు కదలడానికి హక్కు లేదా" అంటాడు. కుర్చీలోంచి కదలకుండా అంటాడు.

వారం పూర్తయింది. రోజుకి సగటున:

ఒకటో మనిషి: పదకొండు వేల నాలుగు వందల అడుగులు.
రెండో మనిషి: ఆరు వేల రెండు వందలు.
మూడో మనిషి: రెండు వేల మూడు వందలు.

పొద్దున పెట్టుకోవడం, పడుకునేముందు తీయడం, అన్నీ నా కళ్ళముందే జరిగాయి. ఎవరూ మోసం చేయలేదు. ఎవరూ గడపలో నిలబడి కబుర్లు కూడా చెప్పలేదు. ఆ మాట నేనింకా మర్చిపోలేదు, గుర్తు పెట్టుకో.

ఈ అంకెలు నమ్మలేక కూడిక రెండుసార్లు సరిచూసుకున్నాను. ఎందుకో చెప్పను. నువ్వు చెప్పు.

అక్క


ఆసుపత్రి
మార్చి 2

అక్కా,

ఇంత తేలిగ్గా తేలుతుందనుకోలేదు.

ఒకటో మనిషి మెట్లక్క. పదకొండు వేలంటే పొద్దుటి నుంచీ కాలు నిలవని మనిషి. సంతోషించు. కబుర్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె కష్టపడుతోంది, ఒప్పుకున్నాను. బరువు తగ్గకపోవడానికి కారణం తిండిలో ఉండుంటుంది. ఏం తింటుందో రాయి.

రెండో మనిషి బావ. మూతి ముడుచుకోవడం నన్ను పక్కదారి పట్టించడానికి. కూరగాయలకీ పేపర్లకీ తిరిగే మనిషి అడుగులవి.

మూడో మనిషివి నువ్వు. కోప్పడకు. పత్రికకి వ్యాసాలు రాసుకునే మనిషి కూర్చునే రాస్తుంది. అయినా రెండు వేల మూడు వందలు మరీ తక్కువక్కా. అనారోగ్యం కిందే లెక్క. ఈ మాట తమ్ముడిగా కాదు, పద్దెనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. మూడో మనిషికి నా సలహా: సోఫా దిగాలి. గంటకోసారి లేచి ఇంట్లోనే అటూ ఇటూ తిరగాలి. కాస్త ఇంటి పని చేయాలి. లిఫ్టు మానేసి మెట్లెక్కాలి. మీ మెట్లు అంత శుభ్రంగా ఉంటాయని చెబుతావు కదా, వాడుకో.

తమ్ముడు


మూడో అంతస్తు
మార్చి 7

ఓడిపోయిన తమ్ముడికి,

మూడో మనిషి మెట్లక్క.

మళ్ళీ చదువు. లిఫ్టు మానేసి మెట్లెక్కమన్నావే, ఆ మనిషి. మెట్లు కడిగే మనిషి. కాస్త ఇంటి పని చేయమన్నావు. ఆమె చేసేది నాలుగిళ్ళ పని. నీ సలహా ఆమెకి చదివి వినిపించాను. ఈసారి నవ్వలేదు. "సారు మంచాయనే, పాపం నన్ను సూళ్ళేదుగా" అంది. నాకు నీ మీద వచ్చిన కోపం కంటే ఆ 'పాపం' మీద వచ్చిన కోపం ఎక్కువ.

రెండు వేలు ఎందుకైందో నాకూ మొదట అర్థం కాలేదు. అందుకని ఒక పొద్దంతా ఆమె వెనకాలే తిరిగాను. నువ్వు నేర్చుకో. బకెట్టుతో లిఫ్టు ఎక్కనివ్వరు, అందుకని ఆమె అయిదో అంతస్తుకి మెట్ల మీదే, ఒక్కసారే ఎక్కుతుంది. అక్కణ్ణించి దిగడం మాత్రం నడిచి కాదు. గొంతుక్కూర్చుని, ఒక మెట్టు తోమి, ఒక చేత్తో గోడ పట్టుకుని కింది మెట్టు మీదికి జారి, మళ్ళీ తోమి. నూట పది మెట్లు అలాగే. నీ డబ్బీకి అది అడుగు కాదు. గిన్నెల ముందు గంట కూర్చుంటే అది అడుగు కాదు. గచ్చు మీద మోకాళ్ళ మీద పాకితే అది అడుగు కాదు. అన్నిటికంటే వింత ఇంకొకటి. మోకాలు నొప్పి కాబట్టి ఒక్క అడుగు కూడా దండగ పోనివ్వదు. వంటింట్లోకి ఒకసారి వెళ్ళిందంటే నాలుగు పనులు మోసుకుని బయటికొస్తుంది. అడుగుల విషయంలో ఇంత పిసినారిని నేను చూడలేదు. ఒంట్లో మిగతాదంతా దుబారా.

రెండో మనిషి మా అత్తగారు. డెబ్బై నాలుగేళ్ళు. రోజుకి ఆరు వేల అడుగులు ఎలా నడిచావత్తా అంటే, "నేనెక్కడికి నడిచానే? ఊగే కుర్చీలో ఊగాను" అంది. ఊగిన ప్రతిసారీ నీ డబ్బీ ఒక అడుగు రాసుకుంది. ఆ సంగతి తెలిశాక రోజుకి పదివేలు చేస్తానని పట్టుబట్టి కూర్చుంది.

ఇక ఒకటో మనిషి.

ఈ పేరా మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. ఒకటో మనిషిని నేను. వ్యాసం రాసేముందు నేను కూర్చోను, నడుస్తాను. నీకు తెలియదు. ముందు గదిలోంచి వెనక వరండా దాకా, మళ్ళీ వెనక్కి, గట్టిగా వాదించుకుంటూ. ఎడిటర్‌తో ఫోన్లో గొడవపడితే ఇంకా జోరుగా. ఆ వారం రాసిన వ్యాసం దేని మీదో చెప్పనా? ఇంట్లో ఆడవాళ్ళ చాకిరీకి విలువ కట్టకపోవడం మీద. పదకొండు వేల అడుగులు, మెట్లక్క తడిగుడ్డ పెట్టిన గచ్చు మీద. ఆరకుండానే నడిచానని ఆమె రెండుసార్లు మళ్ళీ తుడిచింది. ఆ తుడుపు కూడా అడుగు కాదు.

ఇన్నాళ్ళూ దాచాను, ఇప్పుడు రాస్తున్నాను: ఆమె పనిచేసే నాలుగిళ్ళలో మాది ఒకటి. పన్నెండేళ్ళుగా మా ఇల్లు నేను ఊడవలేదు. చీపురు పట్టావా అని నిన్నడిగాను. అదే ప్రశ్న నాకు నువ్వు వేయలేదు. వేసుంటే మొదటి ఉత్తరంతోనే తగువు తేలిపోయేది.

పని చేసిన మనిషి అంకె పాతాళంలో ఉంది. పని మీద కోపం తెచ్చుకున్న మనిషి అంకె ఆకాశంలో ఉంది. నీ డబ్బీ నీ పుస్తకం లాంటిదే. కానీ నేను కూడా దానికి సరిగ్గా సరిపోయాను చూడు, దానికి మండిపోతోంది.

ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మెట్లక్క ఎందుకు కరగలేదు?

అక్క


ఆసుపత్రి
మార్చి 15

అక్కా,

జవాబు ఆలస్యమైంది. వారం రోజులుగా పాత ఫైళ్ళు తవ్వుతున్నాను.

పదిహేనో పేజీ పట్టిక నేను కొలిచింది కాదు. నేను రాకముందు మా విభాగంలో ఎవరో గోడకి అంటించిన కాగితంలోంచి ఎత్తి రాశాను. ఆ కాగితం ఎక్కడిదో వెతికాను. దొరికింది. కొలిచింది పదకొండు మందిని. పదకొండు మందీ మగపిల్లలు, కాలేజీ హాస్టల్లో ఉండేవాళ్ళు. సగటు వయసు ఇరవై ఒకటి. ఒక్కొక్కరికీ కొత్త చీపురిచ్చి ఖాళీ గదిలో పది నిమిషాలు ఊడవమన్నారు. తర్వాత పళ్ళరసం ఇచ్చారు. (నిజంగానే, అది కూడా రాసి ఉంది.) అన్నేళ్ళొచ్చినా ఊడవడం రాని కుర్రాళ్ళు పది నిమిషాలు ఆయాసపడితే, ఆ ఆయాసాన్ని నేను యాభై రెండేళ్ళ మనిషి రోజుకి తెచ్చి అంటించాను. నువ్వు అబద్ధం అన్నావు. నేను సగటు అన్నాను. నీ మాటే దగ్గర.

గడపలో కబుర్ల మాట, సోఫా మాట, రెండిటికీ మెట్లక్కకి నా తరఫున క్షమాపణ చెప్పు. వద్దు, నేనే చెబుతాను, కలిసినప్పుడు.

ఇప్పుడు ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఒకే పనిని ఒకే రకంగా ఇరవై ఏళ్ళు చేసిన ఒళ్ళు ఆ పనిని చాలా తక్కువ ఖర్చుతో చేయడం నేర్చుకుంటుందని నా అనుమానం. మనం ఆయాసపడే చోట ఆమె ఆయాసపడదు. ఇది నిజమో కాదో మనమే చూడొచ్చు, ఏ సామానూ అక్కర్లేదు. మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి పావు నిమిషం నాడి లెక్కపెట్టు, నాలుగుతో గుణించు. పని మధ్యలో ఆమెది చూడు. తర్వాత అదే పని నువ్వు చేసి, నీది చూడు.

కానీ అదొక్కటే కారణమైతే బరువు నిలకడగా ఉండాలి. ఆమె చెప్పగా రాసుకున్న మా చీటీలో గత మూడేళ్ళలో పదమూడు కిలోలు పెరిగిందని ఉంది. ఎందుకు పెరిగింది? ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో, ఎన్ని గంటలు పడుకుంటుందో అడుగు. ముఖ్యంగా ఏ మందులు వాడుతోందో అడుగు. మా కౌంటర్లో అది అడిగినట్టు ఎక్కడా లేదు. ఆ గడి ఖాళీగా ఉంది.

తమ్ముడు


మూడో అంతస్తు
మార్చి 24

తమ్ముడూ,

ముందు నాడి. మూడో అంతస్తు దగ్గర పనాపి మెట్లక్క నాడి చూశాను: తొంభై ఆరు. తర్వాత చీపురూ గుడ్డా నేను తీసుకున్నాను. అయిదో అంతస్తు నుంచి నాలుగు దాకా, ఇరవై రెండు మెట్లు. నాడి నూట యాభై రెండు. మెట్టు మీదే కూలబడ్డాను. "నీళ్ళు తాగండమ్మగారూ, మొదటి రోజు అట్టాగే ఉంటది" అంది. మీ బావ ఊరుకోడుగా, తనూ చేస్తానన్నాడు. తొమ్మిది మెట్లు. నాడి లెక్కపెట్టనివ్వలేదు, నోటితో ఊపిరి పీల్చుకుంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. మా అత్తగారు గుమ్మంలోంచి, "మావాడు చీపురు పట్టడం చూడకుండానే పోతాననుకున్నాను. ఇంకో పది మెట్లు చెయ్యరా, కళ్ళారా చూస్తాను" అంది. బిల్డింగంతా తలుపులు తీసుకుని చూసింది.

నీ అనుమానం నిజం. నాకు కొండెక్కినట్టున్నది ఆమెకి బజారుకెళ్ళినట్టుంది. అయితే ఒకటి గమనించాను. నేను ఆయాసపడ్డాను, కూర్చున్నాను, నీళ్ళు తాగాను, కాళ్ళు చాపుకుని పడుకున్నాను. అది వ్యాయామం. ఆమె ఆయాసపడలేదు, కూర్చోలేదు, అక్కణ్ణించి రెండో అంతస్తు వాళ్ళ గిన్నెల దగ్గరికి వెళ్ళింది. దీన్ని కూడా వ్యాయామం అని ఎలా అంటాం? ఆపాలనుకున్నప్పుడు ఆపగలిగితే వ్యాయామం. లేకపోతే దానికి వేరే పేరుంది, ఆ పేరుతో నేను పద్దెనిమిదేళ్ళుగా వ్యాసాలు రాస్తున్నాను.

తిండి. పొద్దున ఏమీ లేదు. నాలుగిళ్ళలో నాలుగు చక్కెర టీలు, మా ఇంటిది కూడా కలిపి. మూడింటికి అన్నం. నిద్ర అయిదు గంటలు.

ఇప్పుడు అసలు సంగతి. మందులేమన్నా వాడుతున్నావా అంటే లేదంది. మోకాలు నొప్పికి ఏం చేస్తావంటే, "అదా, మాత్రేసుకుంటా" అంది. మాత్ర మందు కాదు ఆమె లెక్కలో. పొట్లం తెచ్చి చూపించింది. వీధి చివర మందుల షాపతను మూడేళ్ళుగా ఇస్తున్నాడు, రోజుకి రెండు. "అదేసుకుంటే మోకాలు నాది కానట్టుంటదమ్మగారూ. లేకపోతే మొదటి మెట్టు కూడా దిగలేను." అట్ట మీది పేరు మా వీధి డాక్టరమ్మకి చూపించాను. స్టెరాయిడ్. నొప్పి తెలియనివ్వదు, ఆకలి పెంచుతుంది, నీరు పట్టిస్తుంది, ఒళ్ళు పెంచుతుంది. మూడేళ్ళు! పదమూడు కిలోలు! నీ ప్రశ్నకీ ఆమె ప్రశ్నకీ జవాబు ఆ పొట్లంలో ఉంది. పని చేయడానికి మాత్ర, మాత్ర వల్ల బరువు, బరువు వల్ల మీరు ఆపరేషన్ చేయరు, చేయరు కాబట్టి మళ్ళీ మాత్ర. ఎవడు కట్టాడురా ఈ గుండ్రటి గోడ?

పొట్లం మొత్తం నిన్న మధ్యాహ్నమే చెత్తబండిలో పారేశాను. ఆమె చూస్తుండగా. షాపతని దగ్గరికెళ్ళి, ఇంకొక్క మాత్ర ఇస్తే పత్రికలో వేస్తానని చెప్పి వచ్చాను. చూస్తూండు, జూన్‌కి ఎనిమిది కిలోలు కాదు, పది తగ్గుతుంది.

అక్క


ఆసుపత్రి
ఏప్రిల్ 2

అక్కా,

నీ ఉత్తరం అందగానే మన ఒట్టు పక్కనపెట్టి ఫోన్ చేశాను. బావ ఎత్తాడు. మెట్లక్క నాలుగో అంతస్తు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయిందని, కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టులో కిందికి దించుతున్నారని చెప్పాడు. తర్వాత నీతో ఫోన్లో అరిచాను. ఆ అరిచిన తీరు తప్పు. చెప్పింది తప్పు కాదు. అందుకే మళ్ళీ రాస్తున్నాను.

మూడేళ్ళు ఆ మందు పోస్తే ఒళ్ళు తను తయారుచేసుకోవలసినదాన్ని తయారుచేయడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోతుంది. ప్రాణం పోయేది. మీ ఊరి ఆసుపత్రివాళ్ళు అదే మందు సూదిలో ఇచ్చి నిలబెట్టారు. ఇక డాక్టరు చూస్తుండగా కొద్దికొద్దిగా నెలల తరబడి తగ్గించాలి. ఆ నెలల్లో బరువు తగ్గినా తగ్గకపోయినా ఆశ్చర్యం లేదు.

నువ్వు ఆమెని అడగలేదు. నన్నూ అడగలేదు. మంచి చేస్తున్నానన్న ధీమాలో పారేశావు. ఇది రాయడం నాకు సులువు కాదు, ఎందుకంటే ఇదే పని నేను అచ్చులో చేశాను.

నేను ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటుంది. ఎనిమిది కిలోల నియమం పైనుంచి దిగలేదు. నాలుగేళ్ళ కిందట జాబితా పెరిగిపోతోందని ముగ్గురం కూర్చున్నాం. పెద్ద డాక్టరు, ఆఫీసులో ఒకాయన, నేను. ఎంత బరువు దాటితే ఆపాలి, ఎంత గడువివ్వాలి అని నన్నడిగారు. పావుగంటలో చెప్పేశాను. బరువెక్కువైతే కోసినచోట చీము పట్టే ప్రమాదం ఎక్కువ, అది నిజమే. కానీ ఎందుకు బరువెక్కారో అడగాలన్న మాట ఆ పావుగంటలో రాలేదు. నేను తేలేదు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే ఈ సంగతి చెప్పాల్సింది. పట్టిక గురించి వాదిస్తూ కూర్చున్నాను, అది తేలిక కాబట్టి.

పెద్ద డాక్టరుకి నిన్న అంతా చెప్పాను. కసురుకున్నాడు. "ఒక్క మనిషి కోసం నియమం మారుస్తామా" అన్నాడు. ఖాళీగా ఉన్న మందుల గడులు అరవై మూడు చీటీల్లో చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇరవయ్యో తారీఖున సమావేశం పెట్టాడు. "వాళ్ళకేం కావాలో రాసిమ్మను" అన్నాడు.

వ్యాసం పంపకు. మొదటి పేరాలోనే ఆయన కాగితం మడిచేస్తాడు. ఆమె చెప్పింది ఆమె చెప్పినట్టు రాయి. ఆమె అడగనిది ఏదీ చేర్చకు.

తమ్ముడు


సైకిళ్ళు పెట్టే చోటు పక్క గది
ఏప్రిల్ 11

తమ్ముడూ,

ఇది రాస్తున్నది మా ఇంట్లోంచి కాదు, బిల్డింగువాళ్ళు మెట్లక్కకి ఉండడానికిచ్చిన గదిలో, ఆమె మంచం పక్క నుంచి. పన్నెండేళ్ళలో ఈ గదిలో కూర్చోవడం ఇదే మొదలు. లేచి తిరుగుతూ ఆలోచించడానికి చోటు లేదు, కాబట్టి నోరు మూసుకుని రాస్తున్నాను.

నిన్న బతిమాలి క్షమాపణ చెప్పాను. "పోనీండి, మీరు పారేసింది మాత్రలేగా, నన్ను కాదుగా" అంది. అది క్షమించడమో కాదో నాకింకా తెలియలేదు.

కింది కోరికలన్నీ ఆమెవి. మధ్యలో నేను "శ్రమదోపిడీ" అని ఒక మాట పెట్టాను. చదివి వినిపిస్తే, "అది నేననలేదు, కొట్టెయ్యండి" అంది. కొట్టేశాను. "కోరుచున్నాము" అని రాస్తే, "కోరడం లేదు, అడుగుతున్నా" అంది. నా గురించి ఉన్నవి కూడా దిద్దలేదు.

సమావేశంలో ఇలాగే చదువు.

1. నా పేరు జాబితాలో ఉండాలి. మాత్ర తగ్గించే నెలలన్నీ గడువులో కలపకూడదు.

2. ఎవరినైనా తూకం వేసేముందు ఏం మింగుతున్నావని అడగాలి. మందులా అని అడిగితే లేదంటాం. నొప్పికి ఏం చేస్తావని అడగాలి.

3. పదిహేనో పేజీ చింపేయాలి. ఆ పిల్ల బొమ్మతో సహా.

4. మోకాళ్ళు పోయినవాళ్ళు కుర్చీలో కూర్చుని చేసుకునే వ్యాయామం ఉంటే పుస్తకంలో కాదు, మనిషి వచ్చి చేసి చూపించాలి. నాకు నేర్చుకోవాలని ఉంది.

5. బిల్డింగువాళ్ళు పొడుగు కర్ర ఉన్న తుడుపుగుడ్డ కొనాలి. ఇకమీదట గొంతుక్కూర్చుని ఒక్క మెట్టు కూడా కడగను.

6. ఆపరేషనై నేను నడిచేదాకా నా పని నాకే ఉంచాలి. ఈ గది ఖాళీ చేయమనకూడదు.

7. మూడో అంతస్తులో అమ్మగారూ సారూ వాళ్ళ ఇల్లు వాళ్ళే ఊడ్చుకోవాలి, వంతులేసుకుని. దానికి నా జీతం కోయకూడదు.

8. నన్నడక్కుండా నా మందు ఎవరూ పారేయకూడదు. మంచికైనా సరే.

9. వీటికి జవాబు అమ్మగారికి రాయొద్దు. నాకు రాయాలి. పెద్ద అక్షరాలతో రాస్తే నేనే చదువుకుంటాను.